చేటచెవుల డంబో

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక సీనియర్ అన్న సీడీ తెస్తే, ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ టీవీలో అందరం "డంబో" చూశాం. 1941లో వాల్ట్ డిస్నీ సంస్థ తీసిన అమెరికా కార్టూన్ సినిమా. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఇబ్బంది పడలేదు, డంబో కూడా సినిమా మొత్తంలో ఒక్క మాట మాట్లాడదు కదా!

మొన్న సెలవుల్లో మా పాపకు చూపిద్దామని మళ్ళీ పెట్టాను. 64 నిమిషాల సినిమా.

ఆ సర్కస్ ఏనుగుపిల్లకు తల్లి పెట్టుకున్న పేరు జంబో జూనియర్. చేటంత చెవులు చూసి తోటి ఏనుగులే డంబో అని వెక్కిరిస్తాయి. చివరికి ఆ పేరే మిగిలింది. (హాస్టల్లో అసలు పేరు పోగొట్టుకున్న తమ్ముళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.) డంబోను జోకర్లలో కలిపాక, ఇక అది ఏనుగే కాదని అవన్నీ ఒట్టు పెట్టుకుంటాయి. మన ఊళ్ళలో దీన్నే వెలి అంటారు.

బిడ్డ చెవులు లాగిన పోకిరిని కొట్టినందుకు తల్లికి సంకెళ్ళు పడతాయి. రాత్రివేళ ఆమె చువ్వల్లోంచి తొండం చాచి బిడ్డను ఊయలూపుతుంది. ఒకసారి మా అమ్మ కూలి పని ముగించుకుని వచ్చేసరికి చీకటి పడింది, గేటు వేసేశారు. చువ్వల్లోంచి చేయి పెట్టి నా తల నిమిరి, కొంగున కట్టిన వేరుశనగకాయలు ఇచ్చి వెళ్ళింది. పాప చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను.

వానలో గుడారం ఎత్తే నల్ల కూలీలను చూసి "వాళ్ళకు ముఖాలు వెయ్యలేదేం నాన్నా?" అని పాప అడిగింది. డంబోకు ఎగరడానికి ధైర్యమిచ్చే కాకుల నాయకుడికి స్టూడియో వాళ్ళు పెట్టుకున్న పేరు జిమ్ క్రో. అమెరికాలో నల్లవాళ్ళను వేరుగా ఉంచిన చట్టాలను కూడా ఆ పేరుతోనే పిలిచేవారు. గొంతు ఇచ్చిందేమో క్లిఫ్ ఎడ్వర్డ్స్ అనే తెల్లవాడు. వెలి బాధ చెప్పే సినిమాలోనే ఇంత వెలి ఉంది!

డంబో ఎగరగానే ఆ చెవులకే పది లక్షల డాలర్ల బీమా. తల్లి విడుదల కూడా అప్పుడే. ఎగరకపోయి ఉంటే?

మా బ్యాచ్‌లో ముగ్గురు టెన్త్ తప్పి ఊరికి వెళ్ళిపోయారు. వాళ్ళను ఏ వార్షికోత్సవానికీ ఎవరూ పిలవలేదు. నేనూ పిలవలేదు. ఈసారి ఒకడి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. చాలాసేపు పాత కబుర్లు చెప్పుకున్నాం. రమ్మనేసరికి, "నేనెందుకురా అక్కడికి?" అన్నాడు. మళ్ళీ రేపు చేస్తాను.