ఒకే అచ్చు పడవలు

జెనీవా సరస్సు అనగానే స్విట్జర్లాండు అనుకునేరు! ఇది అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోది. వేసవి సెలవుల్లో తమ్ముడింటికి వెళ్ళాను. పొలం పంపకాలయ్యాక మా మధ్య మాటలు పొడిపొడిగానే వుండేవి. అయినా ఆదివారం తెరచాప పడవల పందేనికి రమ్మన్నాడు.

'ఇ-స్కౌ' అనే ఆ పడవ పొడవు 28 అడుగులు. అడుగు చదును, ముక్కు మొద్దు. చూడగానే మన గోదావరి పంటు గుర్తొచ్చింది. 1924 నాటి నమూనా. పందెంలో పడవలన్నిటికీ ఒకే కొలత. అంచేత గెలుపైనా ఓటమైనా మనిషిదే.

ఆ రోజు గాలి జోరు. ముగ్గురికి తోడు, బరువు కోసమని నన్నెక్కించారు. తెలుగు లెక్చరరు యిన్నాళ్ళకు పనికొచ్చాడు గదా అనుకున్నాను! ఈ పడవ కాస్త ఒరిగితేనే నీటి రాపిడి తగ్గి వేగం పుంజుకుంటుంది. మరీ ఒరిగితే బోల్తా! మలుపులో చాప అటు మారగానే మనుషులు ఇటు మారాలి. నేను జారాను.

"అన్నయ్యా!" అంటూ తమ్ముడు నా లైఫ్ జాకెట్టు పట్టి లాగాడు. నాలుగేళ్ళకు విన్నాను ఆ పిలుపు.

చివరినుంచి రెండోవాళ్ళంగా వచ్చాం.

"నా వల్లే," అన్నాను.

"పడవ మీద నెపం పెట్టలేంగా!" అని నవ్వాడు.

ఒడ్డున ఇద్దరం కలిసి తెరచాప మడతపెట్టాం. పొలం మాట ఎవరమూ ఎత్తలేదు.