రెండు తలుపులు

గోదావరిఖనిలో పుట్టినోళ్లకు రోజంటే మూడు షిఫ్టులు. పొద్దున ఏడింటికి ఫస్ట్, మధ్యాహ్నం మూడింటికి సెకండ్, రాత్రి పదకొండింటికి నైట్. బాపు ఏ షిఫ్టులో ఉంటే దాన్నిబట్టే మా ఇంట్లో అన్నం ఉడికేది, టీవీ సౌండ్ తగ్గేది. ఆయన పని భూగర్భ గనిలో. "నేను దిగిన, చాలు. నువ్వు దిగద్దు" అనేవాడు. అట్లా నేను ఇంజనీరింగ్‌లో పడ్డాను.

మొన్న ఎండాకాలం సెలవుల్లో హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేశాను. అక్కడ మూడు స్విచ్‌ల స్టాక్ ఉంది. వేరే బ్రాంచి మిత్రుల కోసం చెప్తున్నా: మూడు స్విచ్‌లను వెనకనుంచి ప్రత్యేక కేబుళ్లతో రింగ్‌లా కలిపి ఒకే స్విచ్‌లా నడపడమే స్టాక్. పెట్టెలు మూడు, ఐపీ అడ్రస్ ఒకటే, కాన్ఫిగరేషన్ ఒకటే. ఒకటి మాస్టర్, అది పోతే ఇంకోటి ఆ బాధ్యత తీసుకుంటుంది. మెయిన్ స్విచ్‌కు పోయే అప్‌లింక్‌కూ రెండు కేబుళ్లు. ఒకటి మొదటి స్విచ్ నుంచి, ఇంకోటి మూడోదాన్నుంచి. రెంటినీ కలిపి ఒకే పోర్ట్ ఛానల్ చేశారు. ఒకటి తెగినా రెండోది మోస్తుంది. ఇదెందుకు పడిపోతుందిలే అని నాకు ధీమా.

సీసీ కెమెరాల కోసం వీల్యాన్ 40ని అప్‌లింక్ మీద కలపమన్నాడు సీనియర్ అన్న. సిస్కో స్విచ్‌లో ఆ కమాండ్ మనం ల్యాబ్‌లో చేసిందే: 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్', తర్వాత 'యాడ్', తర్వాత 40. నేను 'యాడ్' మర్చిపోయాను. అది లేకపోతే పాత జాబితాకు 40 కలవదు. పాత జాబితా మొత్తం పోయి 40 ఒక్కటే మిగులుతుంది. ఎంటర్ కొట్టాను. స్క్రీన్ బిగుసుకుపోయింది. కాసేపటికి ఫ్లోర్ అంతా లేచి నిలబడింది. అన్న కన్సోల్ కేబుల్ పట్టుకొని ర్యాక్ దగ్గరికి ఉరికాడు. సరయ్యేసరికి 14 నిమిషాలు. ఆయన ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ ఆదివారం ఇంటికి పోయాను. రెండు కేబుళ్లుండి కూడా ఎట్లా పడిపోయిందో నాకు తోచినట్టు బాపుకు చెప్పాను. ఆయన చాయ్ తాగుతూ విన్నాడు.

"లోపలికి గాలి పోయే తొవ్వ వేరు, మలిగొచ్చే తొవ్వ వేరు. రెంటికి నడుమ తలుపులుంటయ్. ఒక్కటి కాదు, రెండు. ఒకటి మూసినంకనే ఇంకోటి తెరువాలె."

"రెండూ ఒక్కసారి తెరిస్తే?"

"గాలి ముంగటికి పోదు, దగ్గరి తొవ్వల మలుగుతది. బొగ్గు తీసేటోళ్లకు గాలందదు, గ్యాస్ పేరుకుంటది. రెండు తలుపులు పెట్టింది ఎందుకురా, రెండూ ఒక్కపారి తెరువనీకా?"

నేను చేసింది అదే. స్విచ్‌లు మూడైనా వాటికి చెప్పే మాట ఒక్కటే. పోర్ట్ ఛానల్ మీద కొట్టిన కమాండ్ రెండు కేబుళ్లకూ ఒకేసారి పోయింది. జోడీ పెట్టుకున్నది పెట్టె చెడిపోతే ఆదుకోవడానికి. తప్పుడు కమాండ్‌ను అది ఆపదు, రెండు దిక్కులా నమ్మకంగా మోసుకుపోతుంది.

ఇట్లాంటప్పుడు మూసి ఉండే రెండో తలుపు వేరే ఉందని తర్వాత తెలిసింది. జునిపర్‌లో 'కమిట్ కన్ఫర్మ్‌డ్' అని కొడితే, 10 నిమిషాల్లో మనం మళ్లీ ఖాయం చేయకపోతే మార్పు దానంతట అదే వెనక్కి పోతుంది. సిస్కోలో ముందే ఆర్కైవ్ సెట్ చేసుకుంటే రివర్ట్ టైమర్‌తో అదే పని చేయొచ్చు.

రెండు వారాల తర్వాత స్టాక్‌లో రెండో స్విచ్ మార్చాల్సి వచ్చింది. అన్న నన్నే పిలిచాడు. చేతులు వణికాయి. ఈసారి ముందు కాగితం మీద రాసుకున్నాను. సర్వర్ల రెండు కేబుళ్లూ వేర్వేరు స్విచ్‌లలో ఉన్నాయా? రింగ్ పూర్తిగా ఉందా? కొత్తది అదే మోడల్, అదే సాఫ్ట్‌వేర్ వెర్షనా? దానికీ అదే మెంబర్ నంబర్ ఇచ్చామా? పవర్ ఆపే ఉంచి స్టాక్ కేబుళ్లు బిగించాం. ఆన్‌లో ఉన్నదాన్ని తగిలిస్తే రెండు మాస్టర్లు ఎదురుపడి, ఓడిన దిక్కు రీలోడ్ అవుతుంది. మా స్టాకే ఓడితే అంతా ఆగిపోతుంది. కొత్తది లేచి పాత కాన్ఫిగరేషన్ తీసుకునేదాకా ఇంకో విండోలో పింగ్ నడుస్తూనే ఉంది. సర్వర్లు ఆగలేదు. ఆ ఒక్క స్విచ్‌కే కేబుల్ ఉన్న టేబుళ్లకు మాత్రం నెట్ పోయింది. దానికి ఏ ఉపాయమూ లేదు, ముందే చెప్పి ఆఫీసు టైం అయ్యాక చేయడమే.

రాత్రి బాపుకు ఫోన్ చేశాను.

"ఒకటి మూసినంకనే రెండోది తెరిసినవా?"

"మూసినంకనే బాపూ."

"మంచిగైంది. నైట్ షిఫ్టుకు టైమైతుంది, పెడుతున్న" అని ఫోన్ పెట్టేశాడు.