గెట్టు మీద గునుగు ఏది?

‘‘అమ్మా, గా చెట్టుకు మంట అంటుకున్నదా?’’

ఏడాదిన్నర కింద, ఓ ఫిబ్రవరి శుక్రవారం మధ్యాహ్నం. కాజీపేట వైపు వెళ్లే ప్యాసింజర్ రైల్లో కిటికీ పక్కన కూర్చున్న ఓ చిన్నపాప అడిగిన ప్రశ్న అది. ఫోన్‌లోంచి తల ఎత్తి చూశా. ఆకు అన్నదే లేదు. కొమ్మ కొమ్మకీ నారింజ రంగు పూలే. ‘‘మంట కాదు బిడ్డా, మోదుగు పూలు’’ అంది వాళ్లమ్మ.

ఇంజినీరింగ్ నాలుగేళ్లు, ఉద్యోగంలో చేరాక ఇంకో ఆరేళ్లు అదే దారిలో తిరిగా. ఆ చెట్టును నేను చూసింది మాత్రం ఆ రోజే!

మా ఊరు రఘునాథపల్లి. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్తుంటే జనగామ తర్వాత వస్తుంది. 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు జనగామ జిల్లా. కొండలు, జలపాతాలు లేవు. రీల్స్ చేసుకునే స్పాట్ కానే కాదు. పత్తి చేలు, వరి మళ్లు, తాటిచెట్లు, మధ్యలో హైవే, రైలు పట్టాలు. ‘ఇక్కడ చూడటానికి ఏముంది?’ అని నేనే అనేవాణ్ని.

వారానికో ఫొటో

ఆ వారమే ఓ చిన్న పని పెట్టుకున్నా. ఊరికి వెళ్లిన ప్రతి శనివారం మా చెలక దగ్గరున్న మోదుగు చెట్టుకు ఒక ఫొటో. అదే చోట నిలబడి, అదే వైపు నుంచి. కోడ్ రాసేవాళ్లకు ‘గిట్ లాగ్’ తెలుసు కదా, ఎప్పుడు ఏం మారిందో వరసగా చూపిస్తుంది. ఇదీ అలాంటిదే, కాకపోతే చెట్టుకు.

మొదటి ఫొటోలో నల్లటి మొగ్గలు, చిలక ముక్కులాంటి పూలు. తేనె కోసం గోరింకలు కొట్లాడుకుంటున్నాయి. నాలుగు వారాలకు పూలన్నీ నేల మీద. ఆ తర్వాత మూడేసి ఆకులుగా లేత చిగురు. విస్తరాకులు కుట్టేది ఆ ఆకులతోనే అని నానమ్మ చెప్పింది. వాళ్ల చిన్నప్పుడు హోలీకి ఆ పూలనే ఉడకబెట్టి రంగు చేసేవాళ్లట.

ఒక చెట్టును చూడటం మొదలుపెడితే పక్కవి కూడా కనిపిస్తాయి. ఉగాది ముందు వేప ఆకు రాల్చి, కొత్త చిగురేసి, పూతకొచ్చింది. రాత్రి మంచం వాకిట్లో వేసుకుంటే ఆ వాసన. ఏప్రిల్లో చింతచిగురు, మేలో రోడ్డు పక్కన రేల చెట్టుకు జుంకాల్లా వేలాడే పసుపు పూలు. తొలకరి తర్వాత పుట్టగొడుగులు. వానలు వెనకబడేసరికి తంగేడు. చలి మొదలయ్యేసరికి సీతాఫలాలు. సంక్రాంతికి రేగుపండ్లు.

ఫోన్లో యాప్ పెట్టి ఆకు చూపిస్తే రెండు సెకన్లలో లాటిన్ పేరు చెప్పేది. నానమ్మ మాత్రం పేరుతో పాటు అది ఎప్పుడు పూస్తుందో, దేనికి పనికొస్తుందో, ఏ మేక తినదో కూడా చెప్పేది.

ఆమె నెలలు లెక్కపెట్టదు, కార్తెలు లెక్కపెడుతుంది. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి 13-14 రోజులు. రోహిణిలో ఎండలు, జూన్ మొదటి వారం దాటగానే మృగశిర. విని నవ్వొచ్చింది. ఆఫీసులో మా ‘స్ప్రింట్’ కూడా రెండు వారాలే! రెండు వారాలకోసారి ఏం మారిందో చూసుకోవడం రైతులకు ఎప్పటి నుంచో అలవాటన్నమాట.

ఇలా రాసిపెట్టుకోవడం కాలక్షేపం మాత్రమే కాదు. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూలు ఎప్పుడు విరబూశాయో సుమారు 1,200 ఏళ్ల నాటి నుంచి రాతల్లో ఉంది. 2021లో మార్చి 26కే విరబూశాయి. అప్పటిదాకా ఉన్న అన్నేళ్ల రికార్డులో అంత ముందుగా ఎప్పుడూ లేదు. వాతావరణం వేడెక్కుతోందని చెప్పే సాక్ష్యాల్లో అదొకటి. మన దేశంలో ‘సీజన్‌వాచ్’ ఉంది. ఎవరైనా ఒక చెట్టును ఎంచుకుని వారానికోసారి ఆకు, పువ్వు, కాయ ఎలా ఉన్నాయో అందులో నమోదు చేయొచ్చు.

లేనిది కనిపించిన రోజు

ఇంతవరకూ బాగానే ఉంది. పోయిన బతుకమ్మకు అక్క ఊరికొచ్చింది. ‘‘ఇప్పుడు నీకు చెట్లన్నీ ఎరుకనే కదరా! పోయి గునుగు తెంపుకొని రాపో’’ అంది.

బతుకమ్మలో తంగేడుతో పాటు గునుగు ఉండాల్సిందే. తంగేడు మన రాష్ట్ర పుష్పం, దానికి పేరుంది. గునుగు కలుపు మొక్క. జొన్న చేలో, పత్తి చేలో, గెట్టు మీద దానంతట అదే మొలుస్తుంది. తెల్లగా, కొస లేత గులాబీగా ఉండే కంకి. లేత ఆకును కూర వండుకుంటారు. పూలకు రంగులద్ది బతుకమ్మలో వరసలుగా పేరుస్తారు.

సంచి పట్టుకుని వెళ్లా. గెట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచా. ఒక్కటి లేదు. గడ్డి కూడా మాడి పసుపు రంగులో ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, వర్క్ ఫ్రం హోమ్‌లో ఇంటి దగ్గరున్నప్పుడు, కలుపు తీసేవాళ్లు దొరకట్లేదని బాపు అంటే పట్నం వెళ్లి గడ్డిమందు తెచ్చింది నేనే. ‘పదిమంది పని ఒక్క పూటలో అయిపోతుంది’ అని చెప్పిందీ నేనే. అప్పటి నుంచి బాపు ఏటా చేనుతో పాటు గెట్టు మీద కూడా కొడుతున్నాడు.

ఫోన్లో పాత ఫొటోలు వెతికా. 2019 దసరా నాటిది ఒకటి దొరికింది. బాపు నవ్వుతూ నిలబడ్డాడు. ఆయన వెనక నడుము ఎత్తున తెల్లటి గునుగు, గెట్టు పొడవునా! ఆ ఫొటో తీసింది కూడా నేనే. ఇన్నేళ్లు నా జేబులోనే ఉంది. చూడలేదంతే.

ఆ సాయంత్రం జనగామ మార్కెట్‌లో గునుగు కట్టలు కొనుక్కొచ్చా. నానమ్మ ఏమీ తిట్టలేదు. ‘‘గునుగు పువ్వును గూడ కొనుడేనా?’’ అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది.

బాపుతో బేరం

బాపుతో మాట్లాడా. ఆయన తప్పేం లేదు. ‘‘కూలోళ్లు దొరుకుతలేరు. నాకు నడుము వంగుతలేదు. గెట్టు మీద గునుగుంటే గింజ రాలి పత్తిల మొలుస్తది. ఎవలు తీస్తరు, నువ్వు తీస్తవా?’’ అన్నాడు.

శుక్రవారం రైలెక్కి వచ్చి, ఆదివారం సాయంత్రం వెళ్లిపోయేవాడికి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమే. అయినా, ‘‘తీస్త’’ అన్నా.

చివరకు ఒప్పందం ఇదీ: మోదుగు చెట్టు నుంచి బావి దాకా, ఇరవై అడుగుల గెట్టు మీద మందు కొట్టకూడదు. అక్కడి నుంచి పత్తిలోకి వచ్చిన ప్రతి మొక్కా నేనే పీకాలి.

ఈ ఏడు వానలు పడ్డాక మొదటి రెండు వారాలు అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. మూడో శనివారం ఒకటి కనిపించింది. అదేనా కాదా అని నానమ్మను తీసుకెళ్లి చూపించా. ఆమె ఆకు తెంపి, వేళ్లతో నలిపి, ‘‘అదే’’ అంది. ఇప్పటికి పదకొండయ్యాయి. పత్తిలోకి వచ్చినవి ఆరు. మాట ప్రకారం పీకేశా. పీకుతుంటే చెయ్యి ఆగింది కానీ, మాట మాటే కదా.

పదకొండు మొక్కలతో పెద్ద బతుకమ్మ కాదు. మేనకోడలు పట్టుకునే చిన్న బతుకమ్మకు రెండు వరసలు వస్తాయేమో. మిగతాది మళ్లీ మార్కెట్ నుంచే. కొన్ని కంకులు తెంపకుండా వదిలేయాలనుకుంటున్నాం, వచ్చే ఏటి గింజ కోసం.

మీరూ ఈ వారం ఓ మొక్కను ఎంచుకోండి. ఊళ్లోనే ఉండాలని లేదు, బస్టాప్ పక్కన కానుగైనా సరే. వారానికో ఫొటో తీయండి. ఆ తర్వాత మీ గ్యాలరీలో పాత ఫొటోలు ఒకసారి తెరిచి, మనుషుల వెనక ఏముందో చూడండి. అప్పుడున్నది ఇప్పుడు లేకపోతే, ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.