రెండక్షరాల పేరు

అక్క కొడుక్కి పేరు కోసం రాత్రంతా ఫోన్‌లో యాప్‌లు వెతికినాం. యునీక్‌గా ఉండాలంట, రెండక్షరాలే ఉండాలంట. అవ్వ పక్కనుంచి, "మన్రోలప్ప అని పెట్టండి, మా నాయన పేరు" అనింది. అక్క మొహం మాడ్చుకుంది. నేను గట్టిగా నవ్వేసినా. అవ్వ లేచి పోయి పడుకుంది.

నిద్ర పట్టక ఆ పేరు వెతికితే, స్కాట్లాండ్ వాళ్ల ఇంటిపేరు అది! గ్లాస్గోలో పుట్టిన థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా మన దత్తమండలాల కలెక్టర్. గుడారాల్లో ఉంటూ ఊరూరా తిరిగాడు, పొలాలు కొలిపించాడు, శిస్తు నేరుగా రైతు పేరు మీదే రాయించాడు. ఆ శిస్తు బరువే, దేవుడేం కాదు. కానీ పోయేముందు నూటికి 25 తగ్గించమని పైవాళ్లకు రాశాడు. వాళ్లు వినలేదు. తర్వాత తానే మద్రాసు గవర్నరయ్యాక తగ్గింపు వచ్చింది. కరువు సీమలో అది చిన్న విషయమా? 1827లో పత్తికొండలో కలరాతో పోతే, గుత్తిలో పూడ్చారు. మనోళ్లు ఆ ఇంటిపేరుకు 'అప్ప' తగిలించి కొడుకులకు పెట్టుకున్నారు.

మన్రో అంటే ఐర్లాండ్‌లోని రో నది దగ్గరి మనిషని అర్థం చెబుతారు. వానే పడని మా ఊళ్లో నది పేరు!

పొద్దున్నే చెప్పినా: "అక్కా, మన్రో. రెండక్షరాలే."

"అరె, బాగుందే!" అనింది.

అవ్వ మాత్రం ఒప్పుకోలే. "అప్ప తీసేస్తే మా నాయన పేరెట్లయితాది?"

ఆదివారం నామకరణం. ఇంకా తేలలేదు.