వెచ్చదనమునకు కావలి



అమెరికాలో మోటర్‌హోమ్ అనే వాహనము ఉన్నది. చూపునకు చిన్న బస్సు. లోపల మంచము, పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉండే చక్రాల ఇల్లు. అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర కొకోనినో అడవిలో, కరెంటు లేని చోట, కుటుంబముగా కొద్ది దినములు గడపాలని మేము దానిని సిద్ధపరచుకొన్నాము. ఆ ప్రాంతము సుమారు 7,000 అడుగుల ఎత్తు. అక్టోబరు రాత్రులలో నీళ్లు గడ్డకట్టే చలి. మాతో వృద్ధురాలైన అమ్మ కూడా ఉన్నది.

వాహనముతో వచ్చిన హీటరు గ్యాసుతోనే మండుతుంది గాని, దాని ఫ్యాను బ్యాటరీ మీద తిరుగుతుంది. రాత్రంతా తిరిగితే తెల్లవారేసరికి బ్యాటరీ అయిపోతుంది. అందుచేత ఫ్యాను అక్కరలేని ప్రొపేన్ హీటరు ఒకటి అదనముగా పెట్టించాము. మన వంటగ్యాసులో బ్యూటేను, ప్రొపేను కలిసి ఉంటాయి. గడ్డకట్టే చలిలో బ్యూటేను సరిగా ఆవిరి కాదు. ప్రొపేను సున్నాకు 42 డిగ్రీల దిగువ వరకు ఆవిరవుతుంది. 9 కిలోల బండతో, గంటకు 6,000 బీటీయూల హీటరు సుమారు 70 గంటలు మండుతుంది.

ఇట్టి హీటర్లు రెండు రకములు. చవకది లోపలి గాలినే పీల్చి, లోపలే వదులుతుంది. రెండవది బయటి గాలి తీసుకొని గొట్టము గుండా బయటికే వదులుతుంది. దీనికి ఖరీదు ఎక్కువ, గోడకు రంధ్రము చేయాలి. అయినను మేము దీనినే ఎన్నుకొన్నాము. మంటకు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారు మరల లేవరు.

పనివాడు గొట్టపు అతుకులకు సబ్బునురుగు పూసి, బుడగలు లేవడము లేదని మాకు చూపించాడు. ప్రొపేను గాలికంటె బరువు. కారితే నేలబారున పరచుకొంటుంది. కనుక దాని అలారము నేల దగ్గర, కార్బన్ మోనాక్సైడ్ అలారము పడక దగ్గర పెట్టించాము.

ఇదంతా చూచి అమ్మ, "ఇంత ఖర్చెందుకు నాయనా, కుంపటి పెట్టుకుంటే పోలా?" అన్నది. ఆ మాటకే ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాము. మన పల్లెలలో బాలింత గది తలుపులు, కిటికీలు మూసి కుంపటి పెట్టే అలవాటు ఉన్నది. నిప్పులు ఎర్రగా ఉండి పొగ కనబడకపోయినను, బొగ్గులనుండి ఆ విషవాయువే వస్తుంది. తలనొప్పి, వాంతి, మగత కలిగితే వెంటనే అందరినీ బయటి గాలికి తీసుకొని వెళ్లి, ఆసుపత్రికి చేర్చండి. పసిబిడ్డకు తల్లి రొమ్ము వెచ్చదనము, పొడి దుప్పటి చాలును. మూసిన గదిలో కుంపటి వద్దు.

మెలితే ద్వీపములో వర్షమునకు, చలికి తడిసిన పౌలు కొరకు అక్కడివారు దయతో మంట వేశారు. ఆ పుల్లలలోనుండే, వేడికి సర్పము బయటికి వచ్చినది. దయగల మంటలోను అపాయము ఉండవచ్చును. దేవుడు పౌలును కాపాడెను. మనకు తెలివినిచ్చినవాడును ఆయనే. మేము రాత్రి ప్రార్థనకు ముందు అలారము మీట నొక్కి చూస్తాము. అది అవిశ్వాసము కాదు, మన యొద్ద ఉంచబడిన ప్రాణముల పట్ల గృహనిర్వాహకత్వము.

ఈ చలికాలములో ప్రభువు మీ ఇండ్లను కాపాడును గాక. ఆమేన్.