పెన్నేటి ఇసుకలో చెలిమె

తాడిపత్రి దగ్గర బస్సు పెన్న వంతెన ఎక్కింది. కిటికీలోంచి చూస్తే కింద ఏరు లేదు, ఇసుకే. అందులో ఎవరో తవ్విన చెలిమె, అడుగున అరచెంబు నీళ్లు, పక్కన బోర్లించిన బిందె. వెంటనే విద్వాన్ విశ్వం గుర్తొచ్చాడు.

అనంతపురం జిల్లా తరిమెలలో 1915లో పుట్టిన మనిషి. కాదంబరినీ కథాసరిత్సాగరాన్నీ తెలుగు చేసిన సంస్కృత పండితుడు. ఆంధ్రప్రభ వారపత్రికకు సంపాదకుడు. అంత చదువూ చదివి, కావ్యం రాయడానికి కూర్చుంటే ఆయనకు కనిపించింది రాజులూ కాదు, అప్సరసలూ కాదు, రంగన్న, గంగమ్మ. రెక్కలు ముక్కలు చేసుకున్నా కడుపు నిండని పేద జంట. అదే 1956 నాటి ‘పెన్నేటి పాట’.

నాకు నచ్చేదేమంటే, ఆయన రాయలసీమను చూసి జాలిపడలేదు. ఆ మట్టి మనిషిగా, కడుపు మండి రాశాడు. కరువును వానలెక్కల్లో కాదు, ఒక ఇంటి పొయ్యిలో చూపించాడు.

పెన్న నంది కొండల్లో పుట్టి నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. మధ్యలో మా దగ్గర మాత్రం ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక కింద దాక్కుంటుంది. తవ్వుకున్నవాడికి చెలిమెడు నీళ్లు. విశ్వం తవ్వుకున్నాడు, మనకు కావ్యం దొరికింది.

బస్సు వంతెన దాటేసింది. చెలిమె మాత్రం ఇంకా కళ్లలోనే ఉంది.