కరెంటు తీగలోనుంచే సావిడి దాకా ఇంటర్నెట్

ఈసారి పంట సంగతి కాదు, మందుల సంగతి అంతకన్నా కాదు. మా గొడ్ల సావిడిలో కెమెరా పెట్టినట్టు తెలిసిన దగ్గర్నుంచి ఊళ్లో ఎవరు ఎదురుపడినా ఒకటే ప్రశ్న. "కేబుల్ ఏమీ లాగలేదు కదా, మరి అక్కడికి నెట్టు ఎట్టా వచ్చింది?" అని. ఒక్కొక్కరికీ నిలబడి చెప్పే బదులు మొత్తం ఇక్కడే రాస్తున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదువుకోండి.

మీ ఇంటి గోడల్లో ఉన్న కరెంటు వైరే నెట్టును కూడా మోసుకుపోగలదు. దానికి అరచేతిలో పట్టే పెట్టెలు రెండు కావాలి. పవర్‌లైన్ అడాప్టర్ అని అడగాలి, జతగా అమ్ముతారు. ఒకదాన్ని రౌటర్ పక్కన ఉన్న సాకెట్లో పెట్టి, రౌటర్ నుంచి దానికి మూరెడు లాన్ వైరు కలుపుతారు. రెండోదాన్ని నెట్టు కావాల్సిన చోట సాకెట్లో పెడతారు. కొన్ని రకాల్లో ఆ రెండో పెట్టెలోనే వైఫై కూడా ఉంటుంది. మాది ఆ రకం. జతకి 3,500 దాకా పడింది.

ఇదెట్టా పనిచేస్తుందో కూడా చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తేనే ఎక్కడ పనిచేయదో తెలుస్తుంది. మన ఇంటికొచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఈ పెట్టె అదే తీగ మీద ఇంకో సన్నటి ఊపు వేస్తుంది, అది సెకనుకి 20 లక్షల నుంచి 3 కోట్ల సార్లు. కొత్త రకాల్లో ఇంకా ఎక్కువ. కాలవలో నీళ్లు పారుతుంటే అందులోనే చేప ఎదురీదుకుంటూ పోతుంది చూడండి, అట్టాగన్నమాట. చేప వల్ల నీళ్లాగవు, నీళ్ల వల్ల చేప ఆగదు. అవతలి పెట్టె పెద్ద ఊపుని వదిలేసి సన్నటి ఊపుని మాత్రం పట్టుకుంటుంది.

ఇదేదో నిన్నా మొన్నా పుట్టిన మాయ అనుకోవద్దు. 132 కేవీ సబ్‌స్టేషన్ పక్కనుంచి పోయేటప్పుడు తల పైకెత్తి చూడండి. లైను లోపలికి దిగే చోట పెద్ద డ్రమ్ములాంటి తీగచుట్ట వేలాడుతుంటుంది. కరెంటోళ్లు ఆ హైటెన్షన్ తీగల మీదే ఒక సబ్‌స్టేషన్ నుంచి ఇంకో సబ్‌స్టేషన్‌కి ఫోన్ మాటలు, సంకేతాలు పంపుకుంటూ వచ్చారు, ఎన్నో ఏళ్ల నుంచి. ఆ సంకేతం పక్కదారి పట్టి సబ్‌స్టేషన్ సామాన్లలోకి పోకుండా ఆపేది ఆ డ్రమ్మే. అదే ఆలోచన ఇళ్లలోకి 2001లో వచ్చింది, అప్పుడు వేగం 14 ఎంబీపీఎస్. 2005లో 200 రకం, 2012లో ఇంకో మెట్టు పైది వచ్చాయి.

ఇక మా సంగతి. మాది పాత ఇల్లు. తాత కట్టించిన గోడలు, మూరెడు మందం. రౌటర్ ముందు వసారాలో ఉంటుంది, వెనకింట్లోకి వచ్చేసరికే వైఫై చచ్చిపోతుంది. సావిడి ఇంకా వెనక, 40 మీటర్లు ఉంటుంది, పైన ఇనప రేకులు. మా నాన్నకి 74 ఏళ్లు. సూడి గేదె నెలలు నిండిందంటే చాలు, ఆయన రాత్రికి నాలుగుసార్లు టార్చిలైటు పట్టుకుని సావిడికి పోయి చూసొస్తాడు. ఆ దారిలోనే పోయిన వానాకాలంలో రెండుసార్లు కట్లపాము కనపడింది. నేను పోతానంటే వినడు. "నువ్వు నిద్రపోతే లేవవు" అంటాడు. చివరికి మా పెద్దమ్మాయి చెప్పింది, "నాన్నా, తాతయ్య మంచంలో పడుకునే గేదెని చూసుకునేట్టు చేద్దాం" అని.

లాన్ కేబులే లాగొచ్చు కదా అంటారు. నిజమే, మీకు వీలుంటే అదే మేలు. 100 మీటర్ల లోపైతే లాన్ కేబుల్ అంత నికరమైంది ఇంకోటి లేదు. మా దగ్గర కోతులున్నాయి. డిష్షు కేబుల్ ఏడాదికి రెండుసార్లు మారుస్తున్నాం. భూమిలో వేద్దామంటే వెనక దొడ్డంతా సిమెంటు చేయించాం. సావిడికి మాత్రం ఇంటి మీటరు నుంచే కరెంటు పోతుంది. తీగ ఎటూ ఉంది కదా, దాన్నే వాడుకుందామని ఈ జత తెప్పించాం.

పెట్టిన రోజు పైగదిలో అమ్మాయి కంప్యూటర్‌కి 40 వచ్చింది. మా ప్లాను 50ది. పెట్టె మీద 600 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, దాన్ని నమ్మి కొనొద్దు. చాలా రకాలకి దాని కింద ఉండే లాన్ పోర్టే 100 దాటనివ్వదు, ఆపైన ఇంటి వైరింగ్‌ని బట్టి ఇంకా తగ్గుద్ది. సావిడిలో 18 వచ్చింది. కెమెరాకి అది చాలా ఎక్కువ. పెట్టె మీద చిన్న దీపం ఉంటుంది, బాగుంటే ఆకుపచ్చ, మధ్యరకం అయితే నారింజ, బలహీనంగా ఉంటే ఎరుపు. మా సావిడిలో నారింజ.

పగలంతా బాగానే ఉంది. పొద్దుగూకి సావిడిలో లైటు, గేదెలకి ఫ్యాను వేయగానే బొమ్మ ఆగిపోవడం, దీపం ఎర్రబడటం. ఫ్యాను కట్టేస్తే మళ్లీ వచ్చేది. ఇది మూడు రాత్రులు జరిగింది. చౌక ఎల్ఈడీ బల్బులు, సెల్లు ఛార్జర్లు కూడా తీగలోకి రొద పంపుతాయి, చేప ఈదే నీళ్లని బురద చేసినట్టు. అందుకని ముందు బల్బు మార్చాం. కొంచెం నయం, అంతే. ఫ్యాను రెగ్యులేటర్ తీసేశాం. తేడా లేదు.

మా ఊరి వైర్‌మన్ కుర్రాడు వచ్చి చూసి, "బాబాయ్, లోడు పడినప్పుడే పోతుందంటే ఎక్కడో జాయింటు మినుకుతుంది" అన్నాడు. మెయిన్ కట్టేసి లైను వెంబడి చూసుకుంటూ పోయాడు. ఇంటి గోడ దాటి సావిడి దూలం ఎక్కే చోట దొరికింది. ఎప్పటిదో అల్యూమినియం సర్వీసు వైరుకి రాగి తీగ మెలిపెట్టి టేపు చుట్టి ఉంది. టేపు కరిగి బంకైపోయింది. లోపల తీగ బొగ్గులా నల్లబడింది. అల్యూమినియం, రాగి రెండూ నేరుగా మెలేస్తే కొన్నాళ్లకి మధ్యలో తుప్పులాంటిది పడుతుంది, పట్టు వదులవుతుంది, లోడు పడ్డప్పుడల్లా అక్కడ వేడెక్కి సన్నగా నిప్పురవ్వ ఆడుతుంది. ఆ రవ్వ రొదే మన నెట్టుని చెడగొడుతుంది.

ఆ జాయింటుకి జానెడు దూరంలో ఏముందో తెలుసా? అటక మీద వరిగడ్డి. రెండు ట్రాక్టర్ల గడ్డి. కింద నాలుగు గేదెలు, అందులో ఒకటి నెలలు నిండింది. వైర్‌మన్ ఆ నల్లబడ్డ ముక్క కోసి మా నాన్న చేతిలో పెడితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఫ్యాను పనిచేస్తుంది, లైటు వెలుగుతుంది, మనకేం తెలుస్తుంది? కరెంటు అంత మొండిది, ఎంత చెడ్డ జాయింటులోనుంచైనా ఈడ్చుకుంటూ వచ్చేస్తుంది. నెట్టు అట్టా కాదు, సున్నితం.

ఆ రోజే ఇంటి బోర్డు నుంచి సావిడి దాకా 2.5 రాగి వైరు ఒకే ముక్క, మధ్యలో జాయింటు లేకుండా పైపులో వేయించాం. సావిడి లైనుకి విడిగా ఎంసీబీ, దాంతో పాటు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించాం. తడి నేల మీద నిలబడే పశువుకి షాకు మనకన్నా ముందు తగులుతుంది కాబట్టి ఆ ఆర్‌సీసీబీ మాత్రం నెట్టు ఉన్నా లేకపోయినా పెట్టించుకోండి. కొత్త వైరు పడగానే దీపం ఆకుపచ్చ అయింది, వేగం 34కి పోయింది. పదో రోజు రాత్రి రెండున్నరకి మా నాన్న మంచంలోనుంచే ఫోన్లో చూసి నన్ను లేపాడు. ఉమ్మనీటి తిత్తి కనపడుతుంది, పద అన్నాడు. అయితే టార్చిలైటు మాత్రం ఆయనే పట్టుకున్నాడు. పెయ్యదూడ.

ఇక మీరు పెట్టుకునేటప్పుడు చూసుకోవాల్సినవి. పెట్టెని గోడ సాకెట్లో నేరుగా పెట్టాలి. స్పైకు బోర్డులో, యూపీఎస్‌లో పెడితే అవి ఆ సన్నటి ఊపుని చెత్త అనుకుని వడకట్టేస్తాయి. ఇన్వర్టర్ లైను కూడా అంతే. మా రౌటర్ ఇన్వర్టర్ మీద ఉంది, పెట్టెని మాత్రం పక్కనే ఉన్న మామూలు సాకెట్లో పెట్టాం. కరెంటు పోతే సావిడికి నెట్టు పోయినట్టే. దానికి మందు లేదు. ఆ రాత్రి నాన్న మామూలుగానే టార్చిలైటుతో పోతాడు.

మూడు ఫేజుల సర్వీసు ఉన్నవాళ్లు ఇంకోటి గమనించాలి. మా బావమరిది ఇంట్లో రౌటర్ గది ఒక ఫేజు మీద, పిల్లవాడు చదువుకునే గది ఇంకో ఫేజు మీద ఉన్నాయి. దీపం ఎరుపు దిగలేదు. బోర్డులో ఆ గది తీగని మొదటి ఫేజుకి మార్పిస్తే సరిపోయింది. అది మనం చేసే పని కాదు, వైర్‌మన్ చేత చేయించాలి.

పెట్టె మీద ఉండే జత బటన్ మర్చిపోవద్దు. ఒకదాని మీద నొక్కి, రెండు నిమిషాల లోపు రెండోదాని మీద నొక్కితే రెండూ తమ మధ్య తాళం వేసుకుంటాయి. మీ ఇల్లూ పక్కిల్లూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంటే ఆ సన్నటి ఊపు మీటరు దాటి పక్కింటి తీగలోకి కూడా కొంచెం పోవచ్చు. వాళ్ల దగ్గర ఇట్టాంటి పెట్టే ఉంటే తాళం లేకుండా మీ నెట్టు వాళ్లకీ అందొచ్చు. ఇంకో చిన్న సంగతి, షార్ట్‌వేవ్ రేడియో పెట్టేవాళ్లకి ఈ పెట్టెలుంటే బర్రుమని రొద వస్తుంది. మా నాన్న వినే విజయవాడ రేడియో మీడియం వేవ్ కాబట్టి ఇంట్లో గొడవ లేదు.

ఎక్కువమంది అడిగింది పొలం మోటరు సంగతి. "మోటరు దగ్గరకీ కరెంటు తీగే కదా పోయేది, ఇంటి నెట్టు అక్కడికి పంపొచ్చా?" అని. కుదరదు. ఇంటి కరెంటు ఒక ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తుంది, పొలం కరెంటు వేరే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి. చాలా చోట్ల లైనే వేరు. ట్రాన్స్‌ఫార్మర్ ఈ చేపకి తూము దగ్గర వల కట్టినట్టు, నీళ్లు దాటతాయి, చేప దాటదు. పెట్టె మీద 300 మీటర్లు అని రాసి ఉన్నా అది ఒకే మీటరు కింద ఉన్న తీగకి చెప్పిన లెక్క. పైగా మనకి వ్యవసాయం కరెంటు పగటిపూట 9 గంటలే, దొంగలు వచ్చేది రాత్రి. ఇంటి కరెంటునే తీగ లాగి పొలం దాకా తీసుకుపోదామని మాత్రం అనుకోవద్దు, అది చట్టానికీ విరుద్ధం, ప్రాణానికీ ప్రమాదం. మోటరు దగ్గర కాపలాకి సిమ్ కార్డు వేసుకునే సోలార్ కెమెరాలు వేరే ఉన్నాయి. అక్కడ సెల్లు సిగ్నల్ ఎంతుందో ముందు మీ ఫోన్‌తోనే రాత్రిపూట ఒకసారి చూసుకుని, ఆ తర్వాత కొనండి.